ఎర్రర్లు పోయాయా, పోగొట్టావా?



మొన్న జుమా నమాజ్ అయిన కాసేపటికి మా ఆపా కొడుకు ఫోన్ చేశాడు. గొంతులో ఈద్ చాంద్ కనబడినంత ఖుషీ. "ఖాలా, రెండు రోజుల నుంచి నా తల తిన్న ఎర్రర్లన్నీ పోయాయి. లాగిన్ ప్రోగ్రాం బిల్డ్ అయిపోయింది!" అన్నాడు.

ముబారక్ చెప్పాల్సిన సమయం. కానీ ఏళ్ల తరబడి సర్వర్ల మధ్య నౌకరీ చేసిన ప్రాణం కదా, నోట్లోంచి వేరే మాట వచ్చింది. "పోయాయా బేటా, పోగొట్టావా?"

అవతల చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "కంపైలర్‌కి ఒక ఫ్లాగ్ ఇచ్చాను ఖాలా. నెట్‌లో ఎవరో రాశారు. అది పెడితే ఎర్రర్ కాస్తా వార్నింగ్ అయిపోతుంది, పని ఆగదు."

ఆ ఫ్లాగ్ పేరు పర్మిసివ్. చూసీ చూడనట్టు పొమ్మని కంపైలర్‌కి ఇచ్చే ఇజాజత్ అది. ఈ రోజు నేను రాసేది ఆ ఇజాజత్ గురించే. కంప్యూటర్ పని తెలియని అమ్మీలు, అబ్బాలు కూడా చదవండి. బీటెక్ చదివే పిల్లలు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. వాళ్లు రేపు కట్టబోయే తాళాల వెనక దాగేది మన డబ్బు, మన ఇజ్జత్.

ముందు ఆ తాళం దేనికో చెబుతాను. మా మొహల్లా మస్జిద్ కమిటీ దగ్గర బైతుల్ మాల్ లిస్టు ఒకటుంది. ఏ బేవాకు నెలకు ఎంత వెళ్తుంది, ఏ యతీమ్ పిల్లవాడి ఫీజు ఎవరు కడుతున్నారు, ఎవరి డయాలసిస్‌కి ఎంత ఇచ్చారు, ఎవరి బ్యాంకు ఖాతా నంబరు ఏది, అన్నీ అందులోనే. ఇన్నాళ్లూ అది అల్మారాలో ఒక రిజిస్టర్. ఈ మధ్య దాని పేజీల ఫోటోలు వాట్సాప్‌లో తిరగడం మొదలైంది. ఒక బేవా వచ్చి, "నా పేరు మా అల్లుడి ఫోన్‌లో చూశాను" అని ఏడ్చిందట. అప్పుడు మావాడు ముందుకొచ్చాడు. లిస్టు కంప్యూటర్‌లో పెడతాను, పన్నెండు మంది వాలంటీర్లకు లాగిన్లు ఇస్తాను, ఎవరు చూడాల్సింది వాళ్లే చూస్తారు అన్నాడు. నియ్యత్ బంగారం. సూరె బఖరా 271వ ఆయత్ సదఖాను దాచి పేదలకు ఇవ్వడమే మేలు అంటుంది. ఆ దాచడం ఇప్పుడు కంప్యూటర్ చేతిలో ఉంది. అంటే మావాడు కంపైల్ చేస్తున్నది కాలేజీ ప్రాజెక్టు కాదు, ఒక అమానత్‌కి తలుపు.

ఇప్పుడు అసలు మసలా. కంపైల్ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం దర్జీ దుకాణం అనుకోండి. ప్రోగ్రాం రాసినవాడు ఎలా కుట్టాలో చీటీ రాసిస్తాడు. దాన్ని చదివి కుట్టే దర్జీ కంపైలర్. ఆ చీటీలో ఒకచోట, "కాలర్ ఇక్కడ కుట్టొద్దు, ఫలానా ఉస్తాద్ కుట్టింది తెచ్చి అతికించు" అని ఉంటుంది. ఆ తయారైన కాలరే లైబ్రరీ. అతికించాలంటే దాని నాప్ తెలియాలి. ఆ నాప్ రాసి ఉన్న కాగితాన్ని హెడర్ ఫైల్ అంటారు. లినక్స్‌లో కాలర్ ఒక ప్యాకేజీలో వస్తుంది, నాప్ కాగితం ఇంకో ప్యాకేజీలో. డెబియన్, ఉబుంటులలో ఆ రెండో దాని పేరు చివర డెవ్ అని, ఫెడోరాలో డెవెల్ అని ఉంటుంది. వాడుకునేవాడికి మొదటిది చాలు. కుట్టేవాడికి రెండూ కావాలి.

మావాడు పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం ఎల్‌డాప్ అనే డైరెక్టరీని అడిగి, ఈ పేరుకు ఈ పాస్‌వర్డ్ సరైనదేనా అని తేల్చుకుంటుంది. (పన్నెండు మందికి ఇంత పెద్ద బందోబస్తు ఎందుకు అన్నది వేరే గొడవ. ఇంటర్న్‌షిప్‌లో నేర్చుకున్నాడు, వాడాలనిపించింది.) పైథాన్-ఎల్‌డాప్ అనే లైబ్రరీని పిప్‌తో పెట్టబోయాడు. లినక్స్ మీద అది సోర్స్ నుంచి కంపైల్ అవుతుంది. మొదటి ఎర్రర్, ఎల్‌బర్ డాట్ హెచ్ అనే ఫైల్ లేదని. అంటే నాప్ కాగితం లేదని. ఎల్‌డాప్ డెవ్ ప్యాకేజీ పెట్టాడు, అది పోయింది. ఈసారి సాస్ల్ డాట్ హెచ్ లేదన్నాడు దర్జీ. ఇక్కడ కూడా అదే దవా. లిబ్‌సాస్ల్2 డెవ్ ప్యాకేజీ పెడితే ఒక్క నిమిషంలో హల్ అయ్యేది.

అది వాడికి తోచలేదు. జల్దీలో ఉన్నాడు. సాస్ల్ అనే పేరు పట్టుకుని వెతికి, సైరస్ సాస్ల్ సోర్స్ మొత్తం దింపుకున్నాడు. సొంతంగా బిల్డ్ చేద్దామని కూర్చున్నాడు.

సైరస్ సాస్ల్ చిన్న వస్తువు కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పుట్టింది. మెయిల్ సర్వర్లు, డైరెక్టరీ సర్వర్లు లోపలికి వచ్చేవాణ్ణి నువ్వెవరు అని అడగడానికి దీన్ని వాడుకుంటాయి. ఆ సవాల్-జవాబ్‌ల పద్ధతికి 1997లో ఒక ప్రమాణం రాశారు, 2006లో దాన్ని కొత్తగా రాశారు. మావాడు దింపిన 2.1.28 వెర్షన్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. వాడి కంపైలర్ జీసీసీ 14 మాత్రం 2024 మే నెలలో వచ్చింది. పాత చీటీ, కొత్త దర్జీ. గొడవ అక్కడే.

పాత సీ భాషలో ఒక ఢీలాపన్ ఉండేది. నాప్ కాగితం లేకుండా ఏదైనా ఫంక్షన్‌ని పిలిస్తే కంపైలర్ ఆగేది కాదు. దాని జవాబు మామూలు పూర్ణాంకమే అయి ఉంటుందిలే అని అందాజాగా కుట్టేసేది. 1999 నాటి సీ ప్రమాణం ఆ అలవాటును తీసేసింది. అయినా పాత కోడ్‌ల ఖాతిర్ జీసీసీ ఏళ్ల తరబడి వార్నింగ్ ఇచ్చి వదిలేసింది. 14వ వెర్షన్‌లో ఇక చాలు అని దాన్ని ఎర్రర్ చేసింది. పాతికేళ్ల మొహ్లత్ ఇచ్చాక ఆగిందన్నమాట. 2.1.28లో రెండు ఫైళ్లు టైమ్ అనే ఫంక్షన్‌ని పిలుస్తాయి, దాని హెడర్‌ని మాత్రం పిలవవు. సరైన ఇలాజ్ ఆ రెండు ఫైళ్లలో ఒక్కో లైను చేర్చడం. అంతే. కొత్త లినక్స్‌ల మీద దీన్ని కట్టేవాళ్లు చేస్తున్నది అదే.

మావాడు ఆ లైను చేర్చలేదు. దర్జీ నోరు మూశాడు.

"ఏమైంది ఖాలా, పని చేస్తోంది కదా" అన్నాడు. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, ఆ ఒక్క చోట ఈ రోజుకు నుక్సాన్ లేదు. టైమ్ ఇచ్చే జవాబు 64 బిట్లది, కంపైలర్ అందాజాగా తీసుకున్నది 32 బిట్లది. 2038 జనవరి 19 దాకా ఆ అంకె 32 బిట్లలో పడుతుంది. కానీ ఆ ఫ్లాగ్ ఒక్క టైమ్‌కి ఇచ్చిన ఇజాజత్ కాదు. మొత్తం సోర్స్‌కి ఇచ్చిన ఇజాజత్. పాస్‌వర్డ్‌ని గుర్తుపట్టలేని రూపంలోకి మార్చే క్రిప్ట్ అనే ఫంక్షన్‌నే తీసుకోండి. అది అంకె ఇవ్వదు, జవాబు ఉన్న చోటి అడ్రస్ ఇస్తుంది. 64 బిట్ల అడ్రస్‌ని పూర్ణాంకం అనుకుని సగం కత్తిరిస్తే ప్రోగ్రాం తప్పుడు ఇంటి తలుపు కొట్టి కూలిపోతుంది. ఇలాంటి గలతీ ఏ మూల ఉన్నా చెప్పమని పెట్టిన చౌకీదార్‌ని మావాడు ఒకే ఒక్క మాటతో నిద్రపుచ్చాడు. అదీ తాళం తయారయ్యే కార్ఖానాలో.

ఇది మా ఇంటి పిల్లవాడి గలతీ మాత్రమే అయితే ఫోన్‌లోనే చెప్పి ఊరుకునేదాన్ని. దునియా మొత్తానికి నష్టం చేసిన కిస్సా ఒకటుంది. 2006లో డెబియన్ లినక్స్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీని చూసుకునే వాలంటీర్‌కి ఒక వార్నింగ్ విసుగు తెప్పించింది. మెమరీ తప్పులు పట్టే పరికరం, ఇక్కడ విలువ నింపని మెమరీ వాడుతున్నారు అని పదేపదే అరుస్తోంది. ఆయన నియ్యత్‌లో ఖోట్ లేదు. ముందుగా ఆ లైబ్రరీ వాళ్ల మెయిలింగ్ లిస్టులో మష్వరా కూడా అడిగారు. తర్వాత అరుస్తున్న లైన్లను తీసేశారు. అరుపు ఆగింది. కానీ తాళంచెవుల్లో ఎవరూ ఊహించలేని అంకెలు కలిపే పని జరిగేది ఆ లైన్లలోనే. అవి పోయాక ఊహించలేనిదంటూ మిగిలింది ప్రోగ్రాంకి ఆ క్షణాన దొరికిన నంబర్ ఒక్కటే. ఒక్కో రకం కంప్యూటర్ మీద, ఒక్కో సైజు తాళంచెవికి దాదాపు 32 వేల రూపాలు తప్ప లేకుండా పోయాయి. దొంగకి ఆ గుత్తి మొత్తం తయారుచేసుకోవడం పెద్ద పని కాదు. ఆ సంగతి 2008 మే నెలలో బయటపడింది. దాదాపు ఇరవై నెలల పాటు ఆ మెషీన్లలో తయారైన తాళంచెవులన్నీ పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది.

నియ్యత్ మంచిదే. వార్నింగ్ పోయింది. బిల్డ్ అయింది. తాళం మాత్రం తాళం కాకుండా పోయింది.

ఇంకో కిస్సా మన ఉర్దూ చదివిన వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. దుఆ, దగా రాసి చూడండి. ఫర్క్ ఒక్క నుక్తా. ఆ చుక్క పడిందంటే దుఆ దగా అయిపోతుంది. 2024లో ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో అచ్చంగా అదే జరిగింది. బిల్డ్ చేసే ముందు కంప్యూటర్ చిన్న చిన్న ఇమ్తిహాన్లు పెట్టుకుంటుంది. ఫలానా సౌకర్యం ఈ మెషీన్‌లో ఉందా అని ఒక బుల్లి ప్రోగ్రాం కంపైల్ చేసి చూస్తుంది. కంపైల్ కాకపోతే లేదు అని రాసుకుని, అది లేకుండానే ముందుకు పోతుంది. ఎక్స్‌జెడ్‌లో ఒక రక్షణ గోడ కోసం అలాంటి ఇమ్తిహాన్ ఉంది. జియా టాన్ అనే పేరుతో రెండేళ్ల పైగా మంచి పనులు చేసి భరోసా సంపాదించుకున్నవాడు, ఆ బుల్లి ప్రోగ్రాంలో ఒక లైను మొదట్లో ఒక్క చుక్క పెట్టాడు. చుక్క ఉంటే అది ఎప్పటికీ కంపైల్ కాదు. అందుకని సీమేక్ పద్ధతిలో కట్టిన చోటల్లా ఆ గోడ లేకుండానే పని అయిపోతుంది. ఎర్రర్ లేదు, ఆగడం లేదు, ఎవరికీ ఖబర్ లేదు.

చుక్క వాడి చిన్న చాలాకీ. పెద్దది వేరే ఉంది. 5.6.0, 5.6.1 వెర్షన్ల మూటల్లో బిల్డ్ జరిగేటప్పుడు మాత్రమే మేల్కొనే స్క్రిప్ట్ పెట్టాడు. అందరూ చూసే సోర్స్ భండారంలో ఆ స్క్రిప్ట్ లేదు, దింపుకునే మూటలో ఉంది. కొన్ని లినక్స్‌లలో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ సర్వర్‌లోకి అది చొరబడి, తన తాళంచెవి ఉన్నవాడికి తలుపు తెరిచేలా రాశాడు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ ఇంజనీర్. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆయనకు షక్ వచ్చింది. అంతకు కొన్ని వారాల ముందు తన టెస్టుల్లో మెమరీ పరికరం ఇచ్చిన ఒక వింత ఫిర్యాదు గుర్తొచ్చింది. కూర్చుని తవ్వి, 2024 మార్చి 29న దునియాకి చెప్పేశారు. అర సెకనే కదా పోనీ అనుకోకపోవడం వల్ల ఎన్ని సర్వర్లు బచాయించబడ్డాయో లెక్క కట్టలేం.

ఈ కిస్సాలన్నీ చదివాక నా రాయి ఒక్కటే. బిల్డ్ ఎర్రర్ దుష్మన్ కాదు, గవాహీ. గవాహీ నోరు మూయించినవాడు కేసు గెలిచినట్టు కాదు. మామూలు ప్రోగ్రాంలో అది లాపర్వాహీ కావచ్చు. నువ్వెవరు అని అడిగే లైబ్రరీలో మాత్రం అది ఖియానత్‌కి దగ్గర పడుతుంది. ఎందుకంటే నష్టపోయేది కట్టినవాడు కాదు, లిస్టులో పేరున్న బేవా.

దీనికి జవాబుగా పిల్లలు చెప్పే మాటలు నాకు తెలుసు. "ఖాలా, వందల వార్నింగులొస్తాయి, అన్నీ చదువుతూ కూర్చుంటే సబ్మిషన్ ఎప్పుడు?" నిజమే. అన్ని వార్నింగులూ ప్రమాదం కాదు. పెద్ద ఇంజనీర్లూ కొన్నిటిని ఆపేస్తారు. అయితే వాళ్లు ముందు అర్థం చేసుకుంటారు, ఆ ఒక్కదాన్నే, ఆ ఒక్క చోటే ఆపుతారు, ఎందుకు ఆపామో పక్కన రాస్తారు. తెలిసి మాఫ్ చేయడం వేరు. తెలియక చెవులు మూసుకోవడం వేరు.

మరి ఎర్రర్ వస్తే ఏం చేయాలి? మావాడికి చెప్పిందే మీ పిల్లలకీ చెబుతున్నాను.

మొదటి ఎర్రర్ చదువు. కింద కనబడేది కాదు, పైన మొట్టమొదట వచ్చింది. ఒక్క నాప్ కాగితం లేకపోతే కింద వంద ఎర్రర్లు పుడతాయి. మొదటిది తీరిస్తే మిగతావి చాలావరకు వాటంతటవే పోతాయి. బిల్డ్ ఒకేసారి నాలుగు పనులుగా నడుస్తుంటే మాటలన్నీ కలిసిపోతాయి. ఒక్క పనిగా నడిపించి, వచ్చిందంతా ఒక ఫైల్‌లో దాచుకుని చదువు.

ఎర్రర్ ఏ ఘట్టంలో వచ్చిందో గుర్తుపట్టు. డాట్ హెచ్ ఫైల్ లేదు అంటే డెవ్ ప్యాకేజీ లేదు. అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అంటే నాప్ దొరికింది, కాలర్ దొరకలేదు, అంటే లింక్ చేసే చోట లైబ్రరీ పేరు ఇవ్వలేదు లేదా వరుస తప్పింది. ఇన్‌కంప్లీట్ టైప్ అంటే చాలాసార్లు వెర్షన్లు కలవలేదని. 2016లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.0 తన లోపలి అరలను మూసేసింది కాబట్టి, వాటిలో నేరుగా చేయి పెట్టే పాత కోడ్‌లు ఇలాగే ఆగిపోయాయి. ఇక అంతా కట్టాక, నడిపేటప్పుడు షేర్డ్ ఆబ్జెక్ట్ తెరవలేను అంటే లైబ్రరీ ఉంది కానీ ఎక్కడుందో సిస్టమ్‌కి ఖబర్ లేదు. ఎల్‌డీకాన్ఫిగ్ నడపాలి.

కాన్ఫిగర్ చెప్పే ఎస్, నో జాబితా చదువు. అక్కడ నో అన్నది ఎర్రర్ కాదు కాబట్టి ఎవరూ చూడరు. సైరస్ సాస్ల్‌నే తీసుకుంటే, కెర్బెరోస్ హెడర్లు దొరక్కపోతే ఆ పద్ధతిని పక్కన పెట్టేశానని ఒక్క మాట చెప్పి ముందుకు పోతుంది. బిల్డ్ సక్సెస్ అంటుంది. నువ్వు అనుకున్న తాళం మాత్రం అందులో ఉండదు. ఎందుకు నో అందో కాన్ఫిగ్ డాట్ లాగ్ ఫైల్‌లో ఉంటుంది, వెతుకు.

ఏదైనా మార్చాక సగం నుంచి మొదలుపెట్టకు. మూట మళ్లీ కొత్తగా విప్పి మొదటి నుంచి కట్టు. పాత జవాబులు మిగిలిపోతే, తీరిన మసలా తీరనట్టు, తీరనిది తీరినట్టు కనబడుతుంది.

మూట ఎక్కడిదో అడుగు. మన ముహద్దిసీన్ ఒక రివాయత్ రాగానే మాట బాగుందా అని మాత్రమే చూడలేదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, మధ్యలో రావి ఎవరు అని సనద్ మొత్తం తవ్వారు. సూరె హుజురాత్ ఆరో ఆయత్ ఖబర్ తెచ్చినవాణ్ణి చూసి తహ్ఖీఖ్ చేసుకోమంటుంది. సోర్స్ మూటకీ సనద్ ఉంది. చెక్‌సమ్ సరిపోలిందా, సంతకం తయారుచేసినవాళ్లదేనా అని చూడటం రెండు నిమిషాల పని. ఎక్స్‌జెడ్ కిస్సా ఇంకో సబఖ్ కూడా చెబుతుంది. అక్కడ సంతకం అసలుదే, సంతకం చేసినవాడే దగాబాజ్. అందుకే సనద్ చూడటం మొదటి మెట్టే తప్ప ఆఖరి మెట్టు కాదు. కళ్లు తెరిచి ఉంచడం ఎప్పటికీ తప్పదు.

అన్నిటికంటే ముందు అడగాల్సిన సవాల్ ఒకటుంది. అసలు నువ్వే కంపైల్ చేయాలా? డెబియన్‌లో ఈ లైబ్రరీలన్నీ తయారుగా ఉన్నాయి. పైథాన్-ఎల్‌డాప్ కూడా ప్యాకేజీగా దొరుకుతుంది. సొంతంగా కట్టడంలో హునర్ ఉంది, నేర్చుకోవడానికి తప్పకుండా కట్టాలి. కానీ కట్టినవాడి మీద జిందగీ భర్ జిమ్మేదారీ పడుతుంది. ఇదే సైరస్ సాస్ల్‌లో, డేటాబేస్‌కి పాస్‌వర్డ్ పంపే ప్లగిన్‌లో పెద్ద లోపం 2022లో బయటపడింది. 2.1.28 వచ్చింది దాన్ని సరిచేస్తూనే. ప్యాకేజీ వాడినవాళ్లకి అప్‌డేట్‌తో ఇలాజ్ వచ్చేసింది. పాత వెర్షన్ సొంతంగా కట్టుకుని మరిచిపోయినవాళ్లకి ఎవరు చెబుతారు?

మావాడి కథ ఎలా ముగిసిందో చెప్పాలి. వాడు కట్టిన సాస్ల్ బిల్డ్ అయితే అయింది, నడిచేటప్పుడు పనికొచ్చే పద్ధతి ఒక్కటీ దొరకలేదు అని ఆగిపోయింది. ప్లగిన్లు యూఎస్ఆర్ లోకల్ కింద పడ్డాయి, లైబ్రరీ వాటిని వేరే ఫోల్డర్‌లో వెతుకుతోంది. దానికీ ఒక జుగాడ్ వెతకబోయాడు. "ఆగు బేటా" అన్నాను. ఇద్దరం కలిసి వాడు కట్టిందంతా తీసేశాం. డెబియన్ ప్యాకేజీ పెట్టాం. పది నిమిషాలు పట్టింది. మొహం చిన్నబుచ్చుకున్నాడు. "రెండు రోజులు బేకార్ పోయాయి ఖాలా" అన్నాడు. బేకార్ కాదు. ఎక్కడ ఏది ఆగుతుందో ఇప్పుడు వాడికి తెలుసు. మా జమానాలో ఉస్తాద్‌లు కూడా మాకు ఇలాగే నేర్పారు.

తర్వాత టెస్ట్ చేయమన్నాను. తన పాస్‌వర్డ్ కొట్టాడు, తలుపు తెరుచుకుంది. "అయిపోయింది!" అన్నాడు. కాలేదు. తాళం తెరుచుకోవడం ఇమ్తిహాన్ కాదు, తెరుచుకోకపోవడం ఇమ్తిహాన్. తప్పు పాస్‌వర్డ్ కొట్టమన్నాను. ఆపింది. ఖాళీగా వదిలి ఎంటర్ కొట్టమన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఎల్‌డాప్‌లో పేరు ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా పంపితే, కొన్ని సర్వర్లు దాన్ని పేరులేని ముసాఫిర్‌గా లెక్కవేసి సరే అంటాయి. ఆ సరే మాటని లాగిన్ అయినట్టు అర్థం చేసుకునే ప్రోగ్రాంలో ఎవడైనా ఎవరి పేరుతోనైనా నడిచి వచ్చేస్తాడు. మా సర్వర్ ఒప్పుకోలేదు, అల్హమ్దులిల్లాహ్. అయినా ఖాళీ పాస్‌వర్డ్‌ని సర్వర్ దాకా పోనివ్వకుండా ప్రోగ్రాంలోనే ఆపమని రెండు లైన్లు రాయించాను.

ఆఖర్లో పెద్దలతో ఒక మాట. ఈ పర్మిసివ్ ఫ్లాగ్ కంప్యూటర్‌లోనే లేదు, మన ఇళ్లలోనూ ఉంది. కమిటీ మీటింగ్‌లో ఒక కుర్రవాడు లేచి హిసాబ్ అడిగితే, "బడోం కే బీచ్ మే నక్కో బోల్" అంటాం. ఇంట్లో ఆడపిల్ల ఇది గలత్ అంటే ఫిత్నా అంటాం. లిస్టు ఫోటోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయని ఆ బేవా చెప్పిన మొదటి రోజు కూడా, "జానేదో, మనవాళ్లే కదా" అన్నవాళ్లున్నారు. అది కూడా ఎర్రర్‌ని వార్నింగ్ చేసి ముందుకు పోవడమే. గలతీ చూపించిన నోరు మూయడం చూస్తూ పెరిగిన పిల్లవాడు, రేపు స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు కనబడితే వాటినీ అలాగే మూస్తాడు. వాడికి నేర్పింది ఎవరు?

అందుకే మీ పిల్లవాడు ఎప్పుడైనా, "ఎర్రర్లు పోయాయి" అని ఖుషీగా చెబితే, కంప్యూటర్ తెలియకపోయినా ఫర్వాలేదు, ఒక్క సవాల్ అడగండి. పోయాయా బేటా, పోగొట్టావా?

మన చేతుల్లో ఉన్న అమానత్‌లను కాపాడే తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ఇవ్వాలి. ఆమీన్.

అల్లాహ్ హాఫిజ్.